పాతాయన ఇచ్చిపోయిన కంపైలర్

మా తమ్ముడు లిఫ్ట్ మెకానిక్. పగలంతా లిఫ్టులు బాగుచేసి నాలుగింటికి ఇంటికొస్తాడు. చేతుల గ్రీజు పూర్తిగా వదలకముందే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అక్కడ చేసే పనికి జీతమూ లేదు, బత్తెమూ లేదు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి దాన్ని నడుపుతారు. అందులో ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష ఉంది. ఆ భాష కంపైలర్‌ని ప్యాకేజీగా కట్టి అందించే బాధ్యత మావాడిది.

"ఊరందరికీ ఊడిగం చెయ్యడానికే పుట్టావేంట్రా?" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేదాన్ని. వాడు నవ్వి అమ్మ గది వైపు చూపించేవాడు. అంతటితో నా నోరు మూతపడేది.

అమ్మకు రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే ఆడుతుంది. మంచానికి, ఆ వేలికి అందేలా ఒక తెర బిగించాం. అందులో ఇరవై నాలుగు బొమ్మలున్నాయి: నీళ్ళు, దుప్పటి, ఫ్యాను, నొప్పి, బాగానే ఉన్నాను, అవును, కాదు, ఇలాంటివి. ఏ బొమ్మ నొక్కితే ఆ మాట వంటింట్లోని స్పీకర్‌లో వినిపిస్తుంది. ఈ బొమ్మల పలకను నడిపే ప్రోగ్రాము ఆ భాషలోనే రాసి ఉంది. ఆ కంపైలర్ పోతే పలక పోతుంది, పలక పోతే అమ్మకు నోరే లేదు.

అమ్మ ఎక్కువగా అనేది "బాగానే ఉన్నాను" అని. సాయంత్రాలైతే ఇరవైసార్లు, ముప్ఫైసార్లు. నేను కూర తరుగుతూనే "విన్నాన్లేమ్మా!" అని కేకేసేదాన్ని. ఇంటికొచ్చినవాళ్ళతో "మా అమ్మకున్న ఓర్పు ఎవరికుంటుందండీ" అని గొప్పలు పోయేదాన్ని. అమ్మ కుడికన్ను ఎప్పుడూ కారుతుండేది. జబ్బు చేసిన వైపు అలాగే కారుతుందన్నాడు డాక్టరు.

పోయిన నెల మొదట్లో సిస్టమ్ నడిపేవాళ్ళ దగ్గర్నుంచి తమ్ముడికి మెయిల్ వచ్చింది. నెలాఖరులోగా నీ కంపైలర్ పుట్టుక చూపించు, లేకపోతే కొత్త విడుదలలోంచి తీసేస్తామని. పుట్టుకేమిటి, వీళ్ళ మొహం!

"కంపైలర్ అంటే మనిషి రాసినదాన్ని మెషిన్ మాటలోకి మార్చేది కదక్కా. దీన్ని కూడా ఆ భాషలోనే రాశారు. అంటే కొత్త కంపైలర్ తయారవ్వాలంటే పాత కంపైలర్ ఉండాలి."

"పెరుగు తోడెయ్యడానికి నిన్నటి పెరుగు కావాలి. దీనికింత ఉపన్యాసమా?"

"అదే. మొట్టమొదటి తోడు ఎక్కడిదని అడుగుతున్నారు."

అది పాతాయనది. తమ్ముడికి ముందు ఈ ప్యాకేజీ చూసినాయన్ని అందరూ అలాగే పిలిచేవాళ్ళట. మంచాన పడ్డ భార్య కోసం బొమ్మల పలక రాసింది కూడా ఆయనే.

"తీసేస్తే తీసేశారు. మనం పాతదే వాడుకుంటే పోలా?"

"ఈ మెషిన్ ఇవాళో రేపో అన్నట్టుందక్కా. కొత్తది కొంటే దానిమీద పాత సిస్టమ్ ఎక్కదు."

అమ్మ మాట మళ్ళీ పోతుందనేసరికి, సెలవు పెట్టరా అన్నాను. తమ్ముడు సెలవు పెట్టాడు. పాతాయన తోడు చుక్క కూడా తగలకుండా, ఎవరో వేరే భాషలో రాసిన నత్తనడక పరికరంతో, కంపైలర్‌ని మొదట్నుంచీ పుట్టించాడు. పదకొండు రోజులకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత పాతదానితోనూ కొత్తదానితోనూ ఒకే సోర్స్‌ని, అంటే మనిషి రాసిన అసలు ప్రతిని, కంపైల్ చేశాడు. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా రావాలి. రాలేదు.

"పాతదానితో చేస్తే ఒక ముక్క ఎక్కువొస్తోందక్కా. సోర్స్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు."

"నువ్వే ఏదో కెలికుంటావు."

వాడు మళ్ళీ చేసి చూపించాడు. సోర్స్ మొత్తం వెతికాడు, లేదు. పాత కంపైలర్‌తో చేశాడు, ఉంది. ఇంకో దేశంలో ఉన్న స్నేహితుడి చేత చేయించాడు, అక్కడా ఉంది. ఎవరూ రాయనిది, చదువుదామంటే కనబడనిది, ఒక కంపైలర్ తర్వాతి కంపైలర్ చెవిలో చెప్పిపోతోంది. మిట్టమధ్యాహ్నం, వీధిలో పిల్లలు గోల చేస్తున్నారు, అయినా నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

పాతాయన పాత చిరునామాకు తమ్ముడు మెయిల్ రాశాడు. ఆయన కూతురు జవాబిచ్చింది. నాన్న పోయి మూడేళ్ళయిందట. "నాన్న అమ్మను కంటికి రెప్పలా చూసుకున్నారు. మొదట్లో అమ్మ రోజంతా నొప్పి, నొప్పి అనేది. డాక్టర్లు ఇంకేమీ చెయ్యలేమన్నారు. నాన్న వినలేక చెవులు మూసుకునేవారు. చివరి ఏడాది మాత్రం అమ్మ చాలా ప్రశాంతంగా ఉంది. బాగానే ఉన్నానని తప్ప ఇంకో మాట అనలేదు. మాకు అదొక్కటే తృప్తి."

"పుణ్యాత్మురాలు" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ మధ్యాహ్నమంతా వాడు ఆ ముక్కను విప్పుతూ కూర్చున్నాడు. నేను కాఫీ పెడితే చల్లారిపోయింది. సాయంత్రం చెప్పాడు. మామూలుగా ఏ ప్రోగ్రామును కంపైల్ చేసినా ఆ ముక్క కదలదట. రెండింటికే లేస్తుందట. కంపైలర్‌ని కంపైల్ చేస్తే అందులోకి తనను తాను దించుకుంటుంది. బొమ్మల పలకను కంపైల్ చేస్తే ఒక బొమ్మ మాట తీసి ఇంకో బొమ్మ మాట పెడుతుంది.

"ఏ బొమ్మరా?"

వాడు లేచాడు. అమ్మ గదిలోకి వెళ్ళి, కొత్త కంపైలర్‌తో చేసిన పలకను ఎక్కించాడు. "అక్కా, నువ్వు వంటింట్లోకి వెళ్ళకు. ఇక్కడే కూర్చో" అన్నాడు.

అమ్మ వేలు లేచింది. రెండేళ్ళలో నేను ఆమె మాట విన్నానే గానీ వేలు చూడలేదు. అది తడుముకోలేదు, అలవాటైన చోటికి నేరుగా వెళ్ళింది.

"నొప్పిగా ఉంది" అంది వంటింట్లో స్పీకర్.

అమ్మే ఉలిక్కిపడింది. మళ్ళీ నొక్కింది. "నొప్పిగా ఉంది." మా ఇద్దరి మొహాల్లోకి మార్చి మార్చి చూస్తూ నొక్కుతూనే ఉంది. ఇప్పుడు రెండు కళ్ళూ కారుతున్నాయి.

అయ్యో, నా తల్లీ! పలక బిగించిన రోజు బొమ్మలన్నీ నేనే నొక్కి చూశాను, ఆ ఒక్కటి తప్ప. అమ్మ ముందు ఆ మాట పలికించడానికి నాకు చెయ్యి రాలేదు. దిక్కుమాలిన సెంటిమెంటు! ఆ తర్వాత రోజుకు ముప్ఫైసార్లు నొప్పి అని చెబితే, విన్నాన్లేమ్మా అన్నాను. పాపిష్టిదాన్ని.

ఎక్స్‌రేలో తుంటి ఎముక చీలికుంది. పక్షవాతం వచ్చి కిందపడిన రోజుదే అయ్యుంటుందని, వంకరగా అతుక్కుందని డాక్టరు చెప్పాడు. "ఇన్నాళ్ళూ ఈవిడ ఒక్కసారైనా చెప్పలేదా?" అని అడిగాడు. మందులు మొదలయ్యాక అమ్మ వరుసగా ఆరుగంటలు నిద్రపోయింది.

గడువులోపే ప్యాకేజీ చేరింది. ఏం మార్చినా ఎందుకు మార్చారో అందరికీ కనబడేలా రాయాలన్నది వాళ్ళ నియమం. తమ్ముడు ఉన్నదున్నట్టు రాశాడు. రెండోరోజు పాతాయన కూతురి దగ్గర్నుంచి మెయిల్. "చదివాను. అమ్మ వాడిన మెషిన్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. అమ్మ నిజంగా ఏ బొమ్మలు నొక్కిందో అందులో ఉంటుందా?"

ఉంటుంది. ప్రతి నొక్కూ పలక రాసి పెట్టుకుంటుంది.

"ఉండదని రాసి పడెయ్‌రా. తల్లీ పోయింది, తండ్రీ పోయాడు. ఇప్పుడు తెలుసుకుని ఆ పిల్ల ఏం చేస్తుంది? కుమిలిపోవడం తప్ప!"

"పాతాయన కూడా అలాగే అనుకున్నాడక్కా."

నాకు కోపం తన్నుకొచ్చింది. వాడి మీదో, ఆయన మీదో, నామీద నాకో తెలియదు. తమ్ముడు లేచి అమ్మ పక్కన కూర్చున్నాడు. ఆ మెయిల్ మొత్తం ఆమెకు చదివి వినిపించి, "చెప్పమంటావా అమ్మా?" అని అడిగాడు.

అమ్మ కళ్ళు మూసుకుంది. తర్వాత వేలు కదిలింది.

"అవును" అంది స్పీకర్.

ఇద్దరం మాట విని ఊరుకోలేదు. వంగి, వేలు ఎక్కడుందో చూశాం. అవును మీదే ఉంది.