గేటును అడిగే వెదురుగడ

మియాపూర్‌లో మా పక్కింటి బాబాయిగారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. ఆఫీసుకు ఫోను వస్తే పరుగెత్తుకొచ్చాను. ఆయన ఇంట్లో లేరు. వీధి చివరి ఖాళీ స్థలంలో నిలిచిపోయిన తన బస్సులో, తనే బిగించుకున్న మంచం మీద ఉన్నారు. పిన్నిగారు బస్సు మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

తెనాలి నుంచి కొత్తగా వచ్చినప్పుడు మాకు కిరాయి ఇల్లు చూపించింది ఆయనే. మెదక్ వైపు మనిషి, యాత్రల బస్సు నడిపేవారు. మా 'అండీ'లు వింటే నవ్వొచ్చేది ఆయనకు. "ఒక్కసారి పిలిస్తే పలుకుతగద బిడ్డా, గిన్ని అండీలెందుకు?" అనేవారు.

ఆయన బస్సులో ఎప్పుడూ ఒక వెదురుగడ ఉండేది. సరిగ్గా బస్సు ఎత్తుకు కోసింది. ఏ సత్రం ముందైనా బస్సు ఆపి, దిగి, ఆ గడను నిలువుగా పట్టుకుని గేటు కమాను కింద నడిచి చూసేవారు. "గేటును అడగకుండ పోవద్దు బిడ్డా. అది ముందుగాల చెప్పదు, తగిలినంక చెప్తది."

పిన్నిగారికి మోకాళ్లు పోయాయి. సత్రాల్లో మరుగుదొడ్డికి వెళ్లి గొంతుకూర్చోలేక యాత్రలు మానేశారు. అప్పుడు పాత బస్సు అమ్మేసి, జీడిమెట్ల దగ్గర ఒక షెడ్డులో కొత్తది కట్టించారు. మంచాలు, వంటగట్టు, కుర్చీలాంటి మరుగుదొడ్డి, పైకప్పు మీద చల్లగాలి పెట్టె, పిన్నిగారి కోసం కిందికి దించిన మెట్టు. "ఇగ ఈమె కాశీ చూస్తది" అని వీధంతా తిప్పి చూపించారు. అందరికీ గేటును అడగమని చెప్పిన మనిషి, బస్సు కట్టేముందు మాత్రం ఏ గేటునూ అడగలేదు. పిన్నిగారి మోకాళ్లనే అడిగారు.

నేనూ సెలవు పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, యాత్రికులతో కలిసి కాశీకి బయలుదేరాం. మొదటి సత్రంలోనే, కొత్త బస్సు ఎత్తుకు కోసిన కొత్త గడ కమానుకు తగిలింది. బస్సు రోడ్డు మీదే ఆపి, గోడ మీదుగా కరెంటు వైరు లాగితే సత్రమంతటికీ ఫ్యూజు ఎగిరిపోయింది. మరుగుదొడ్డి తొట్టి ఎక్కడ ఖాళీ చేయాలో చెప్పేవాళ్లే లేరు.

"ఇది మనుషులు దిగే సత్రమయ్యా, నీ బస్సుకు విడిది కాదు" అన్నాడు మేనేజరు.

"దీన్ల ఉన్నది గూడ మనుషులే గద సారూ" అన్నారు బాబాయిగారు.

తర్వాతి ఊళ్లోనూ అంతే. తొట్టి నిండి బస్సంతా వాసన. యాత్రికులు గొణుగుతున్నారు. పిన్నిగారే అన్నారు, "ఇగ బస్సు ఎనకకు మలుపు. నా కోసం ఇంతమందిని పరేషాన్ చెయ్యకు." ఆయన బస్సును ఇంటి దారి పట్టించారు.

మాదాపూర్‌లో మా ఆఫీసు అద్దాల భవనం కొత్తగా తెరిచారు. ఉద్యోగులను తీసుకొచ్చే పనైనా దొరుకుతుందేమోనని బస్సును అక్కడికి తెచ్చారు. గడ పట్టుకుని గేటు కింద నడిస్తే పైన ఇంకా బోలెడు చోటు మిగిలింది. కాపలా మనిషి లోపలికి తొంగి చూసి, "పెద్దయ్యా, దీన్ల మంచాలున్నయి. ఈడికి పండుకునేటోళ్లు రారు" అన్నాడు.

"గేటు ఒప్పుకున్నది బిడ్డా, మనుషులే ఒప్పుకుంటలేరు" అన్నారు నాతో. నవ్వబోయారు, రాలేదు.

తర్వాత బస్సు కదల్లేదు. రోజూ అందులో కూర్చుని అద్దాలు తుడిచేవారు. ఈ ఊళ్లో రోజుకో భవనం లేస్తోంది. ఒక ముసలామె మోకాళ్లకు తగ్గ చోటు మాత్రం దారిలో ఎక్కడా లేదు. నాకు దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా ఉంది, అది ఎవరి మీద చూపాలో తెలియడం లేదు.

మంగళవారం సాయంత్రం పాడె కట్టడానికి దగ్గర్లో వెదురు దొరకలేదు. చుట్టాలెవరో బస్సులోని గడ తెచ్చి రెండుగా కోశారు. వీధి మొదట్లో కొత్త కాలనీ కమాను ఉంది. మోసేవాళ్లు ఆగకుండా దాని వైపు నడుస్తున్నారు.

మెట్టు మీద నుంచి పిన్నిగారు చెయ్యెత్తారు.

"జర ఆగుండ్రి. గేటును అడగలే."