నలభై రెండు అతుకులు

మా ఆయన చిన్నాన్నను నేను చినమామయ్య అంటాను. వీధి పిల్లలకు ఆయన మెరుపుల తాతయ్య. నలభై ఏళ్లు వెల్డింగు చేసిన మనిషి. ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడిన మచ్చలు. ఎవరింటికి వెళ్లినా మనుషుల్ని పలకరించే ముందు గేటును పలకరిస్తారు, చేత్తో తట్టి. "చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఇనప వాసన పోదమ్మా. నేను పెళ్లి చేసుకుంది మనిషినో, కిటికీ గ్రిల్లునో ఇప్పటికీ అర్థం కాదు" అంటుంది చిన్నత్తయ్య.

పదకొండేళ్ల క్రితం చిన్నత్తయ్యకు పెద్ద ఆపరేషను జరిగింది. బతకదన్నారు, బతికింది. ఆ కృతజ్ఞతతో మామయ్య మా మందిరం మేడకు ఇనప రెయిలింగు చేసి పెట్టారు. నలభై రెండు నిలువు కమ్ములు, పైన నున్నటి గొట్టం. సండే స్కూలు జరిగేది ఆ మేడ మీదే. కొత్తగా ఎవరొచ్చినా పాస్టరుగారు దాన్ని చూపించి, "ఇది మా అన్న చేతి పని, దేవుడికిచ్చిన కానుక" అంటారు. అప్పుడు మామయ్య తల వంచుకుంటారు. అది వినయం అనుకునేదాన్ని.

ఈ ఏడాది పాస్టరుగారు నాలుగు ఆదివారాలు వరసగా విశ్వాసుల తీర్పు గురించి బోధించారు. పరలోకమా, నరకమా అని తేల్చే తీర్పు కాదిది, ఆ సంగతి సిలువ దగ్గరే తేలిపోయింది అన్నారు. ఇది నమ్మినవాళ్ల పని మీద తీర్పు. క్రీస్తు న్యాయపీఠం ముందు ఒక్కొక్కరూ జీవితమంతా కట్టినది అగ్నిలోకి వెళుతుంది. బంగారం లాంటిది నిలుస్తుంది, గడ్డి లాంటిది కాలిపోతుంది. పని కాలిపోయినవాడు కూడా రక్షింపబడతాడు, కానీ మంటల్లోంచి వట్టి చేతులతో బయటపడ్డవాడిలా. మందిరంలో చాలామంది దీన్ని బహుమానాల రోజుగానే విన్నారు. ఎవరికి ఏ కిరీటమో అని మెట్ల దగ్గర సరదాగా మాట్లాడుకున్నారు కూడా. మామయ్య మాత్రం రెండో వారం నుంచి సరిగ్గా తినడం మానేశారు.

నాలుగో ఆదివారం ఆరాధన అయ్యాక మా పాప మేడ మీద రెయిలింగుకు నుదురానించి, కింద ఉన్న మామయ్యను చూసి "తాతా!" అని కేకేసింది. పాపకింకా నాలుగేళ్లు నిండలేదు. ఆయన తలెత్తి చూసి, ఒక్క ఉదుటున మెట్లెక్కి, పాపను చంకకెత్తుకుని వెనక్కి లాగేశారు. నేను పైకి వెళ్లేసరికి ఆయన పాపను కిందికి దించకుండా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు.

"ఏమైంది మామయ్యా?"

"ఏం కాలేదమ్మా. పిల్లను అక్కడ నిలబెట్టకు."

"ప్రతి వారం నిలబడేది అక్కడే కదా! మీరు చేసిన రెయిలింగే కదా!"

"నేను చేసింది కాబట్టే చెబుతున్నా."

అందరూ వెళ్లిపోయాక మెట్ల మీద కూర్చుని చెప్పారు. రెయిలింగు పనికి ఆఖరి రోజు మధ్యాహ్నం. మర్నాడే ప్రతిష్ఠ. ముందురోజు వానకు వెల్డింగు రాడ్లు చెమ్మెక్కాయి. ఆరబెట్టి వాడాలి, కానీ టైము లేదు. ఆరు కమ్ములకు అడుగున చుట్టూ కరిగించి నింపాల్సింది పోయి, రెండేసి చుక్కలు పెట్టి, పైన పుట్టీ పూసి, అరగదీసి రంగేశారు. "చూస్తే ఆ ఆరే మిగతావాటికంటే నున్నగా కుదిరాయమ్మా. పాస్టరుగారు వాటినే నిమిరి మెచ్చుకున్నారు."

"ఏ ఆరు?"

"కుడి చివర అనుకుంటా. ఇన్నేళ్లలో రంగు మీద రంగు పడి ఇప్పుడు నాకే తెలీడం లేదు. ఊళ్లో చేసినవన్నీ బతుకుతెరువు కోసం చేసినవి. దేవుడి కోసమని చేసింది ఇదొక్కటే. తీర్పు రోజున చూపించడానికి నాకున్నదీ ఇదే. అది గడ్డి అని నాకు తెలుసు. పదకొండేళ్లుగా తెలుసు."

నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. నిలువు కమ్మిని పైన తోస్తే ఆ బలమంతా అడుగున అతుకు మీద ఎన్నో రెట్లై పడుతుంది. పదిమంది పిల్లలు ఒకేసారి ఆనుకుంటే ఎంతవుతుందో నా బుర్ర అడగకుండానే లెక్క కట్టేసింది.

"మామయ్యా, ఆ రోజు ఎప్పుడొస్తుందో నాకు తెలీదు. వచ్చే ఆదివారం మాత్రం ఏడు రోజుల్లో వస్తుంది."

"నువ్వే చెప్పమ్మా. చదువుకున్నదానివి. బరువు తట్టుకోదు, మార్చాలి అను. నమ్ముతారు."

నిజానికి నాకూ అదే తేలికనిపించింది. నా పిల్ల పడకుండా ఉంటే చాలు, ఎవరు చెబితేనేం? సరేనన్నాను. సాయంత్రం ఆయనే మా ఇంటికొచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డారు.

"వద్దులేమ్మా. నువ్వు చెబితే రెయిలింగు మారుతుంది. నేను అలాగే ఉండిపోతాను."

ఆ రాత్రికే పాస్టరుగారికి ఫోను చేసి, ఎవర్నీ మేడెక్కనివ్వొద్దన్నారు. బుధవారం సాయంకాలం ప్రార్థనలో, సాక్ష్యాలు చెప్పే సమయానికి లేచి నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పారు. సంఘ పెద్ద పోస్టుమాస్టరుగారు నవ్వి తేల్చేయబోయారు.

"ఏంటన్నా, సాక్ష్యం చెప్పమంటే స్టేషన్లో వాంగ్మూలం ఇస్తున్నావు? పదకొండేళ్లు నిలబడిందిగా! ఇప్పుడు కెలకడం ఎందుకు?"

కొందరు నవ్వారు. వెనక వరసలోంచి కుట్టుపని చేసే అక్క లేచింది. ఆమె ఇద్దరు పిల్లలూ పెరిగింది ఆ మేడ మీదే.

"నా పిల్లలు దాన్ని పట్టుకుని ఊగేవాళ్లు. నువ్వు కింద కూర్చుని చూసేవాడివి. నోరెలా కట్టేసుకున్నావు అన్నా?"

మామయ్య ఏదో అనబోయి కూర్చుండిపోయారు. బయటికొచ్చాక పాస్టరుగారు భుజం మీద చెయ్యి వేసి, దేవుడు ఎప్పుడో క్షమించాడని చెప్పారు.

"క్షమాపణ సంగతి నాకు అనుమానం లేదండీ. కమ్ముల సంగతే."

శనివారం ఉదయం ఎవరూ రాకుండా మేడ మెట్లకు అడ్డంగా తాడు కట్టి, మామయ్య గ్రైండరుతో రంగు గీకడం మొదలుపెట్టారు. నేను పాపను అత్తయ్య దగ్గర వదిలి సాయానికి వెళ్లాను. రంగు పోగానే మంచి అతుకు దగ్గర ఇనుము మెరిసేది. సుత్తితో తడితే ఖంగుమనేది. చెడ్డదాని దగ్గర బూడిదరంగు పుట్టీ పొడి రాలేది. తడితే మొద్దుగా, నోట్లో ఏదో పెట్టుకుని పలికినట్టు మోగేది. కుడి చివర నుంచి వరసగా ఆరూ దొరికాయి. పదిన్నరకల్లా ఆయన ముఖం తేటపడింది.

"చూశావా, ఎలా గుర్తుందో!"

మిగతావి ఊరికే చూసేద్దాం అన్నారు. ఎడమవైపు నుంచి నాలుగోది తట్టారు. మళ్లీ తట్టారు. చేత్తో పట్టి ఊపితే కమ్మి కదిలింది. ఆ తర్వాత అదే వైపు ఇంకో రెండు. ఆయన గ్రైండరు కింద పెట్టేశారు.

"ఇవి మొదటి రోజువి" అన్నారు. "ఆ రోజు రాడ్లు పొడిగానే ఉన్నాయి. తొందర లేదు. మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుని మొదలుపెట్టాను."

"కరెంటు తగ్గి ఉంటుంది మామయ్యా. పైన కరిగినట్టు కనిపించినా లోపల పట్టి ఉండదు."

"ఎందుకని అడగడం లేదమ్మా. ఆ ఆరూ తెలిసి చేసినవి, పదకొండేళ్లు వాటికే భయపడ్డాను. ఈ మూడింటి మీదే నాకు ధీమా ఉండేది."

తొమ్మిదింటినీ కోసి, మళ్లీ చుట్టూ నింపి వెల్డు చేసేసరికి మధ్యాహ్నం మూడైంది. గొట్టానికి ఇసక బస్తాలు వేలాడదీసి, తాడు కట్టి అడ్డంగా లాగి ప్రతి కమ్మినీ పరీక్షించాం. ఒక్కటీ కదల్లేదు. పాస్టరుగారు చప్పట్లు కొట్టారు. మామయ్య అది విన్నట్టు లేరు.

మర్నాడు మధ్యాహ్నం పాపను తీసుకుని వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన మంచం మీద కూర్చుని కాగితం మీద ఏదో రాస్తున్నారు. ఊళ్లో తను చేసిన మెట్ల రెయిలింగులు, బాల్కనీలు, వాటర్ ట్యాంకుల నిచ్చెనలు. అనుమానం ఉన్నవి ఐదు తేలాయి. రేపటి నుంచి సుత్తి పట్టుకుని వెళతారట.

"అరవై ఎనిమిదేళ్ల వయసులో ఊరి గేట్లన్నీ తడతారా? దొంగనుకుని పట్టుకుంటారు" అంది అత్తయ్య వంటగదిలోంచి. మళ్లీ తనే కాసేపటికి, "ఆసుపత్రి మెట్లు రాశారా?" అంది.

"అది బాగానే చేశాను."

"ఏమో మరి. సాయంత్రం దాకా పడుతుందని చెప్పి వెళ్లి, మధ్యాహ్నానికే వచ్చేశారు ఆ రోజు. తొందరగా వచ్చారని నేను సంతోషపడ్డాను కూడా."

మామయ్య కాగితం మీంచి తలెత్తి ఆమె వైపు చూశారు. తర్వాత ఆరోది రాశారు.

"ఇంకా చెప్పు" అన్నారు.

అత్తయ్య స్టవ్వు ఆపేసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన కూర్చుంది.