శనివారం ఫోన్

ఫుజైరా నుంచి దుబాయ్ వెళ్లే బస్సులో, ఒక శనివారం మధ్యాహ్నం, నా పక్కన ఒక తెలుగాయన కూర్చున్నాడు. కూర్చోగానే పెద్ద ఫోన్ ఆపేసి, జేబులోంచి చిన్న బటన్ల ఫోన్ తీశాడు.

"శనివారం సెలవునాడు గిదొక్కటే నడుస్తది అన్నా," అన్నాడు బొంగురు గొంతుతో. "నా రూమ్మేట్‌ది. కరోనాల పోయిండు. ఊర్ల ఆయన బిడ్డకు ఇంకా చెప్పలే. వారం వారం ఫోన్ చేస్తది, నేనే వాళ్ల బాపు లెక్క మాట్లాడ్త."

అంతలో అది మోగింది. ఆయన దాన్ని నా చేతిలో పెట్టాడు.

"జలుబుతోని నా గొంతు పోయింది. నువ్వొక్క మాట మాట్లాడన్నా."

కాదనలేక, "ఎట్లున్నవ్ బిడ్డా?" అన్నాను.

అవతల పాప ఏడుస్తూ అడిగింది. "బాపూ, నువ్వేనా? గిన్ని దినాలు ఎవరో మాట్లాడిన్రు."

ఆ మాట ఆయనకూ వినిపించింది. నేను ఫోన్ పెట్టేసి తిరిగి ఇవ్వబోతే చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఇగ అది నీదే," అన్నాడు.

దాన్ని ఆయన ఒళ్లో పెట్టి, తర్వాతి స్టాపులోనే దిగిపోయాను. నిజానికి నేను వెళ్లాల్సింది ఇంకా చాలా దూరం, దుబాయ్‌లోని బర్ దుబాయ్ దాకా.

ఇప్పటికీ ఎవరు ఫోన్ చేసినా, హలో అనకముందే నా పేరు చెప్తాను.