మా జట్టు ఏరి కోరి తెచ్చుకున్నవాళ్ళు

దోహాలో చలి పడగానే మా తెలుగువాళ్ళం బాస్కెట్‌బాల్ ఆడతాం. ఐదు జట్లు, ఒక కప్పు, ఏడాదికి సరిపడా అలకలు. నాలుగు జట్లు ఎప్పుడో ఒకప్పుడు ఆ కప్పు ఎత్తినవే. ఐదోది మా జట్టు. లీగ్ పుట్టిన నాటినుంచీ నేను అందులోనే ఆడాను. మిగతావాళ్ళు కప్పుతో ఫోటోలు దిగుతుంటే ఆ ఫోటోలు తీసి పెట్టే పని కూడా నాదే. ఆ మాటకొస్తే ఒక్కడంటే ఒక్కడు థాంక్స్ చెప్పలేదు.

మేం ఓడిపోయేది కోర్టులో కాదు, డ్రాఫ్ట్‌లో. ఆడాలనుకున్న వాళ్ళంతా ముందుగా పేర్లిస్తారు. కిందటేడు ఆటగాళ్ళలో ముగ్గురిని ప్రతి జట్టూ తనదగ్గరే అట్టిపెట్టుకోవచ్చు. మిగతావాళ్ళు మళ్ళీ గుంపులో కలవాలి. ఒక రోజు అందరూ కూర్చుంటారు. మేనేజర్లు వరసగా ఒక్కొక్క పేరు పిలుస్తారు. అచ్చం పెళ్ళిచూపులే, కాకపోతే ఉప్మా డబ్బులు మనమే ఇచ్చుకోవాలి.

మా మేనేజర్ని అందరూ అన్నయ్య అంటారు. గోదావరి జిల్లావాడు, అల్ తుమామాలో కాపురం, ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగం. మొదటి ఏడాది జెర్సీలు కుట్టించాడు కనుక మేనేజరయ్యాడు. బంతి చేత్తో పట్టుకోగా నేను చూడలేదు. బంతి మీద అభిప్రాయాలకు మాత్రం లోటు లేదు.

మొదటి డ్రాఫ్ట్‌లో అన్నయ్య ఎత్తు చూశాడు. కడప వైపునుంచి వచ్చిన ఒక హౌస్ డ్రైవరు, గుమ్మంలోంచి తల వంచుకుని వస్తే తప్ప లోపలికి రాలేడు. "వీడు చెయ్యి చాపితే చాలు తమ్ముడూ, బుట్ట అందుతుంది" అని అన్నయ్య పొంగిపోయి మొట్టమొదట అతన్నే పిలిచాడు. నిజంగానే అందింది. మనిషి మంచివాడు, ఆటా వచ్చు. కానీ మా మ్యాచ్‌లన్నీ శుక్రవారం సాయంత్రాలు. అతను పనిచేసే ఇంటివాళ్ళు అల్ అజీజియాలో ఉంటారు, వాళ్ళకు శుక్రవారం సాయంత్రమే మాల్‌కి వెళ్ళాలనిపిస్తుంది. మొదటి మ్యాచ్‌లో మేం గెలుస్తూ ఉండగా గట్టుమీద పెట్టిన అతని ఫోను మోగింది.

"మేడమ్ పిలుస్తాంది అన్నా, పోవల్ల" అన్నాడు, బంతి నా చేతిలో పెట్టి.

"మ్యాచ్ అయ్యేదాకా ఆగలేవా?"

"నేను ఆగుతా. మేడమ్ ఆగదు గదన్నా."

వెళ్ళిపోయాడు. మేం ఓడిపోయాం. సీజనంతా అదే కథ. అతని తప్పేమీ లేదు. శుక్రవారం డ్యూటీ ఉందా అని ఒక్క మాట అడగాల్సింది ఎవరో నాకు తెలుసు. ఆ మాటే అన్నయ్యతో అంటే, "ఎత్తయితే ఉంది కదా" అన్నాడు.

ఆ డ్రాఫ్ట్‌లోనే నిజామాబాద్ వైపు కుర్రాడొకడు చివరిదాకా మిగిలిపోయాడు. సైటులో పరంజా కట్టే పని, పొట్టిగా, మహా వాగుడుగా ఉండేవాడు. తీసుకుందామని నేను అన్నయ్య చెవిలో చెప్పాను. "వాడు బాల్‌కంటే కాస్త పెద్దగా ఉన్నాడంతే" అని అన్నయ్య నవ్వాడు, పక్కవాళ్ళూ నవ్వారు. పక్క జట్టు తీసుకుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ వాడు మామీద దూరంనుంచి బుట్టలు వేస్తూ, వేసినప్పుడల్లా మా బెంచివైపు తిరిగి, "అన్నా, ఎట్లున్నవే?" అని క్షేమసమాచారం అడిగేవాడు.

మరుసటేడు అన్నయ్య అనుభవం చూశాడు. యూనివర్సిటీకి ఆడాడని ఎవరో చెబితే ఒకతన్ని మొదటి పేరుగా పిలిచాడు. ఆడిన మాట నిజమే, వాలీబాల్. బంతి గాల్లోకి లేచిందంటే చాలు, గజం ఎత్తు ఎగిరి, అరచేత్తో ఫెడేల్మని కొట్టేవాడు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. బంతి మాత్రం అవతలి జట్టువాళ్ళ ఒళ్ళో పడేది. రెఫరీ కూడా ఒకసారి చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాతి ఏడు అన్నీ చూశాడు. ఎత్తు, ఆట, శుక్రవారం సెలవు, అన్నీ సరిపోయాయి. నేను కూడా నోరు మూసుకున్నాను. అతను రెండు మ్యాచ్‌లు అద్భుతంగా ఆడి, మూడోదానికి ముందు అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఊరికి వెళ్తున్నాడట. రెండేళ్ళకోసారి వచ్చే సెలవు, టికెట్ ఎప్పుడో తీసి పెట్టుకున్నాడు. గల్ఫ్‌లో ఇద్దరు కలిస్తే మొదట అడిగేది ఊరేదని, రెండోది లీవెప్పుడని. కొత్తగా దిగినవాడు కూడా అడుగుతాడు. అన్నయ్య అడగలేదు.

"నువ్వైనా అడగొచ్చు కదా తమ్ముడూ?" అన్నాడు నాతో. అది నేను మర్చిపోలేదు.

ఇంత జరిగినా నేను జట్టు మారలేదు. ఒక్క మ్యాచ్ మానలేదు. జ్వరంతో ఆడాను, ఏసీ రిపేరు డ్యూటీనుంచి యూనిఫాంతోనే వచ్చి ఆడాను. నేను గొప్ప ఆటగాణ్ణని అనడం లేదు. వేరేవాళ్ళు అనాలి కదా, అందుకని. ఏటా ఆ అట్టిపెట్టుకునే ముగ్గురిలో నేను ఒకణ్ణి. ఇంతకంటే మర్యాద నేనేమీ కోరలేదు.

ఈసారి ఆ ముగ్గురి పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నా పేరు లేదు. అన్నయ్యగారి బావమరిది పేరు ఉంది.

ఫోను చేశాను. "పొరపాటేమో చూడండి అన్నయ్యా" అన్నాను.

"పొరపాటెందుకు? నువ్వెక్కడికి పోతావులే. డ్రాఫ్ట్‌లో తీసుకుంటాం" అన్నాడు. వెనకాల బావమరిది దగ్గు వినిపించింది.

సరే, గుంపులో కూర్చుంటాను. కానీ మా జట్టు నా పేరు పిలవాలి. అదీ ఆఖర్న, పళ్ళెంలో మిగిలిన పచ్చిమిరపకాయ తీసినట్టు కాకుండా, మొదట్లోనే పిలవాలి. నలుగురూ వినేలా పిలవాలి. అది జరిగేదాకా అన్నయ్యతో మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను. ఆయనకు ఆ సంగతి తెలియదనుకోండి, మామూలుగానే గుడ్ మార్నింగ్‌లు పెడుతూ వచ్చాడు.

ఎప్పుడూ గురువారం సాయంత్రం జరిగే డ్రాఫ్ట్ ఈసారి శుక్రవారం పొద్దున పడింది. ఉమ్ ఘువైలినాలో ఒక హోటల్ మేడమీది హాలు పదిన్నరకి ఇచ్చారు. పదకొండున్నరకల్లా ముగించాలి, నమాజుకి షట్టర్ దించేస్తామని ఓనరు ముందే చెప్పాడు. పేర్లిచ్చిన వాళ్ళం వెనక కుర్చీల్లో, మేనేజర్లు ముందు బల్లల దగ్గర కూర్చున్నాం. చీటీల్లో మొదటి వంతు మా జట్టుకే వచ్చింది. లీగ్ చరిత్రలో మాకు కలిసొచ్చిన మొదటి విషయం అదే. నేను చొక్కా సర్దుకున్నాను.

అన్నయ్య లేచి, గోడ గడియారం చూసి, "మేము తర్వాత చెప్తాం. పాస్" అన్నాడు.



"పాస్ ఏంటండీ?" అన్నాడు లీగ్ నడిపే పెద్దాయన.

"శుక్రవారం కదండీ. పదిన్నరనుంచి పన్నెండుదాకా రాహుకాలం. ఇన్నేళ్ళూ చూసుకోకుండా పిలిచే ఇలా తగలడ్డాం. ఈసారి పన్నెండు దాటాకే నోరు విప్పేది."

"పదకొండున్నరకి హాలు మూసేస్తారండీ."

"మూయనివ్వండి."

నేను వెనకనుంచి లేచాను. మాట్లాడకూడదన్న పట్టు పక్కనబెట్టాను, జట్టు మునిగిపోతుంటే పంతాలేమిటి? "అన్నయ్యా, మీరు చూసింది ఇంట్లో గోడకి తగిలించిన ఆంధ్రా క్యాలెండరు. అక్కడ పదిన్నరంటే ఇక్కడ ఎనిమిది. ఆ రాహుకాలం మీరు దోసె తింటుండగానే వెళ్ళిపోయింది."

"సూర్యుడు ఇక్కడ వేరే టైముకి పొడుస్తాడు తమ్ముడూ. ఏ ఊరి రాహువు ఆ ఊరిదే."

"అయితే ఇక్కడి రాహువుకి వీసా ఎవరిచ్చారండీ?" అన్నాడెవడో. అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. నా పేరు ఆ రాహువు నోట్లోనే ఉంది.

మిగతా నాలుగు జట్లూ వరసగా పిలుచుకుంటూ పోయాయి. మంచి షూటర్ వెళ్ళిపోయాడు. మంచి డిఫెండర్ వెళ్ళిపోయాడు. వంతు వచ్చినప్పుడల్లా అన్నయ్య చెయ్యెత్తి పాస్ అంటున్నాడు, బస్ కండక్టర్ ముందు స్టూడెంట్‌లా. బావమరిది తల ఊపుతున్నాడు. వెనక కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. ఒకడి షూస్ చూసి, ఇంకొకడి జుట్టు చూసి కూడా తీసుకున్నారు. నావైపు ఒక్కరూ చూడలేదు. చూడని మేనేజర్లు ఎవరెవరో నాకు గుర్తుంది.

ఆఖరి వంతు నిజామాబాద్ వాడిది. ఆనాటి పొట్టికుర్రాడే, ఇప్పుడు ఆ జట్టుకు కెప్టెనూ వాడే, మేనేజరూ వాడే. వెనక్కి తిరిగి అందరినీ ఓసారి చూసి, నా పేరు పిలిచాడు.

అన్నయ్య కుర్చీ వెనక్కి పడింది. "ఏయ్, అతను మావాడు!"

"మీవోడైతే ముగ్గురిల ఎందుకు పెట్టుకోలేదే? బావమర్దిని పెట్టుకున్నవ్ గద."

"అతన్ని ఎవరు తీసుకుంటారులే అనుకున్నానయ్యా! ఎలాగూ మిగులుతాడు కదా, ఒక చోటు ఎందుకు వేస్ట్ చేయడమని..." అని అన్నయ్య నావైపు తిరిగాడు. "తమ్ముడూ, పన్నెండు కొట్టగానే మొదటి పేరు నీదే. నా మాట."

ఇన్నేళ్ళలో ఆయన ఆలోచించి వేసిన లెక్క అదొక్కటే. అది నామీద వేశాడు.

ఆటగాడు ఒప్పుకోకపోతే వెళ్ళనక్కర్లేదని రూలుంది. పెద్దాయన నన్నడిగాడు, "ఏమంటారు?"

నేను వెనక కుర్చీలు చూశాను. ఒకతను నిద్రపోతున్నాడు. ఒకతని మోకాలికి పట్టీ ఉంది. ఇంకొకతను ఇక్కడ బిర్యానీ పెడతారని ఎవరో చెబితే వచ్చానన్నాడు. పన్నెండింటికి నేను నెగ్గబోయేది వీళ్ళమీద. ఇటు చూస్తే, ఎంచుకున్న వాళ్ళందరిలో కడపటివాణ్ణి.

"అన్నయ్యా, మీరు ఇప్పుడే పిలవండి. ఈ నిమిషంలో పిలిస్తే ఉండిపోతాను" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, గడియారం చూశాడు. నోరు తెరిచాడు కూడా. బావమరిది ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా, "బావా, రాహువు" అన్నాడు. అన్నయ్య నోరు మూశాడు.

నేను వెళ్ళి నిజామాబాద్ వాడి బల్ల దగ్గర కూర్చున్నాను. వాడు చాయ్ నావైపు జరిపాడు.

"నన్నెందుకు తీసుకున్నావురా?" అన్నాను.

"మా దాంట్ల అందరూ ఆడేటోల్లే అన్నా. ఒగడు నైట్ డ్యూటీ అంటడు, ఒగడు ఊరికి పోతా అంటడు. నువ్వు రాని మ్యాచ్ ఒక్కటి నేను ఎన్నడు సూడలే."

కింద షట్టర్ సగం దించారు. వంగి బయటికి వచ్చాం. మిగిలిన వాళ్ళనందరినీ ఫుట్‌పాత్‌మీద ఎండలో నిలబెట్టి, అన్నయ్య ఫోనులో టైము చూసుకుంటున్నాడు, పన్నెండు ఎప్పుడవుతుందా అని. నిద్రపోతున్నతను ఇప్పుడు నిలబడి నిద్రపోతున్నాడు. బిర్యానీ అతను వెళ్ళిపోబోతే బావమరిది భుజం పట్టుకుని ఆపాడు.

నేను నా కొత్త కెప్టెన్ పికప్ ఎక్కాను. దారి పొడుగునా అతను అన్న మాట మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. నేను రాని మ్యాచ్ చూడలేదన్నాడు. బాగా ఆడతావని మాత్రం అనలేదు.