తొలిపిన నీళ్ళు

నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. పాలు ఇంకాస్త చల్లబడితేగాని గడ్డకట్టవు, వాటిలో కరిగిన చక్కెరా లవణాలూ అంత తొందరగా కట్టనివ్వవు. సామర్లకోట దగ్గర ఒక డెయిరీ ల్యాబ్‌లో నా ఉద్యోగమంతా ఈ కాస్త తేడా మీదే నడుస్తుంది. మా వైపు మంచి పాలు సున్నాకి కింద 0.54 దగ్గర గడ్డకడతాయి. అంకె సున్నా వైపు జరిగితే నీళ్ళు పడ్డట్టే. ఎంత జరిగిందో చూసి ఎన్ని నీళ్ళో లెక్క కట్టేయొచ్చు.

ఒకరోజు మా మేనత్త ఊరి పాలకేంద్రం ఆయన ఫోన్ చేశాడు.

"మీ మేనత్తగారి పాలల్లో నీళ్ళు తగుల్తున్నాయండి. ఇలాగైతే ఇంక పోయించుకోలేమండి. మీరే ఓ మాట చెప్పండి."

నాకు ఒళ్ళు మండింది. అత్తయ్యకి ఫోన్ చేస్తే ఒకటే ఏడుపు.

"గేదె మీద ఒట్టే అమ్మాయ్, చుక్క నీళ్ళు కలపలేదు. అందరి ముందూ అనేశాడే!"

ఆయన మిషన్‌దే తప్పని తేల్చేద్దామని అత్తయ్య పాలు ఒక సీసాలో తెప్పించాను. మా మిషన్ 0.52 చూపించింది. నమ్మబుద్ధి కాలేదు. ఉప్పు తూచి నీళ్ళలో కలిపి, అది ఎంతకి గడ్డకట్టాలో కాగితం మీద లెక్క వేసి, ఆ ఉప్పునీళ్ళు మిషన్‌లో పెట్టాను. సరిగ్గా అంతే చూపించింది. మిషన్ బుద్ధిగానే ఉంది. అంటే పాలల్లో నూటికి నాలుగు పాళ్ళు నీళ్ళు, ఐదు లీటర్లకి ఓ గ్లాసుడు. అత్తయ్య ఒట్టు గుర్తొచ్చి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే పాలు తీసే వేళకి వాళ్ళింటికి వెళ్ళాను. అత్తయ్య పాలు తీసి, బకెట్లోంచి క్యాన్‌లోకి వంపింది. తర్వాత ఖాళీ బకెట్లో గ్లాసుడు నీళ్ళు పోసి, గిరగిరా తిప్పి, ఆ తెల్లటి నీళ్ళు క్యాన్‌లో పోయబోయింది. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"అవేంటత్తయ్యా?"

"తొలిపిన నీళ్ళే. అంటుకున్న పాలు పారబోస్తామేంటే? కళ్ళు పోవూ!"

"మిషన్‌కి దొరికిన నీళ్ళు ఇవే."

"ఇవి నీళ్ళేంటే, తెల్లగా ఉంటేనూ!" అంది. అని, చేతిలో బకెట్ వైపు చూసింది. "అయితే ఆయన అన్నది నిజమేనా?"

తల ఊపాను. అత్తయ్య మొహం చూడలేకపోయాను.

ఆ నీళ్ళు బకెట్లోనే వదిలేసి, క్యాన్ తీసుకుని ఇద్దరం కేంద్రానికి వెళ్ళాం. ఆ పూట పాలు 0.54 వచ్చాయి. బకెట్ సంగతి అత్తయ్యే అందరి ముందూ చెప్పేసింది. కేంద్రం ఆయన నవ్వి, "మా ఇంట్లోనూ అంతేనండి" అన్నాడు. అత్తయ్య మాత్రం నవ్వలేదు.

ఇంటికొచ్చాక కాఫీ పెట్టి ఇచ్చింది. ఒక గుక్క తాగి తలెత్తి చూస్తే పొయ్యి పక్కన బకెట్ బోర్లించి ఉంది. అత్తయ్య నా మొహంలోకే చూస్తోంది.

"నీళ్ళు తెలుస్తున్నాయేంటే?"

"లేదత్తయ్యా," అని గ్లాసు ఖాళీ చేశాను.