ఇరవై ఒకటో దండీ

రజాకార్ల గొడవ సద్దుమణిగాక కుస్తీ నేర్చుకుందామని మా మిర్యాలగూడ తాలింలో చేరాను. నెలయినా, చేతుల మీద వంగి లేచే దండీలు ఇరవైకి మించి కొట్టలేకపోయాను. మానేస్తానని చెబుదామని ఈ పొద్దున వెళితే, కుస్తీ నేర్పే మా ఉస్తాద్ కిరాయి సైకిల్ తొక్కడం నేర్చుకోబోయి దబ్బున పడ్డాడు. అరవై దాటిన మనిషి. మోకాళ్లు దోక్కుపోయాయి.

“ఈ వయసుల నీకేంది ఉస్తాద్ ఈ పరేషాన్?” అన్నాను.

“నన్ను పడగొట్టినోడు లేక ఇరవై ఏండ్లాయె. పడుడు ఎట్లుంటదో మర్సిన. రోజూ పడేటోళ్లకు ఇగ ఏం నేర్పుత?” అని మళ్లీ ఎక్కాడు.

మానేస్తానని ఏ నోటితో చెప్పను? దండీలకు దిగాను. ఇరవై ఒకటోది లేవలేక మట్టిలో బోర్లా పడ్డాను. ఉస్తాద్ నవ్వలేదు. సైకిల్ ఆపి వచ్చి పక్కనే కూర్చుని, “ముందుగాల ఏది వంగింది, సెయ్యా, నడుమా?” అని అడిగాడు.

నెల రోజులుగా పడుతున్నా ఆ సంగతి చూసుకోనే లేదు. మీరెప్పుడైనా చూసుకున్నారా?