గోల్‌కీపరు ఎత్తిన చేయి

నా చిన్నప్పుడు ఆదోనిలో మా బడి మొత్తానికి నాకంటే వేగంగా పరిగెత్తే పిల్లవాడు లేడు. ఇప్పుడు ఇది గొప్పకు చెప్పడం లేదు. ఆ రోజుల్లో గొప్పకే చెప్పేవాణ్ణి, అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ. డెబ్బైల నడిమి మాట. ఎమ్మిగనూరులో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందని, దానికి జట్టును ఎంచుతారని తెలిసినప్పుడు, నేను లేకుండా జట్టేమిటి అనుకున్నాను. ఎమ్మిగనూరు మా అమ్మ పుట్టిల్లు. మా మామ అక్కడ మగ్గం నేసేవాడు. ఆయన చూస్తుండగా ఆడాలన్నది నా ఆశ. నిజం చెప్పాలంటే అంతకు మించి ఆటమీద నాకు పెద్ద ప్రేమేమీ లేదు.

మా డ్రిల్లు సారు పొట్టి మనిషి, మాట పొదుపు. ఆయన పెట్టిన పరీక్ష వింతగా ఉండింది. మా గోల్‌కీపరును మైదానం ఆ చివర గోలు దగ్గర నిలబెట్టాడు. మేము మైదానం చుట్టూ పరిగెత్తి ఈ చివర ఉన్న సారు దగ్గరికి రావాలి. వచ్చిన వెంటనే "ఎడమకు సూడప్పా" అని ఆ గోల్‌కీపరుకు వినపడేలా కేక వెయ్యాలి. వినపడితే వాడు చేయి ఎత్తుతాడు. కాళ్ళకు పెట్టే పరీక్షలో గొంతుకేం పనో మాకెవరికీ అర్థం కాలేదు.

అందరికంటే ముందు నేనే వచ్చాను. నోరు తెరిచాను. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నిస్తే వచ్చిన మాట నాకే సరిగా వినపడలేదు. ఆ చివర గోల్‌కీపరు చేతులు వేలాడేసుకుని నన్నే చూస్తున్నాడు. చాలాసేపటికి, కౌతాళం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అబ్బాయి తాపీగా వచ్చి, చెమట తుడుచుకుని, ఒక్క కేక వేశాడు. గోల్‌కీపరు చేయి లేచింది. గేటు బయట టీ అంగడి ఆయన కూడా ఎడమకు తిరిగి చూశాడు. పిల్లలంతా నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

సారు ఆ అబ్బాయిని జట్టులోకి తీసుకుని, నన్ను ఎక్స్‌ట్రాగా పెట్టాడు. ముందు వచ్చింది నేను కదా అని ఉక్రోషం పట్టలేక అడిగేశాను.

"ముందే వచ్చినావులేప్పా. ఊపిరంతా కాళ్ళకే పెట్టేస్తివి. మాటకు రోంతన్నా మిగిలిచ్చుకోవల్ల కదా" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. అయినా మర్నాటి నుంచి పొద్దున్నే పత్తి మిల్లు వెనక మా సందులో పరిగెత్తడం, మలుపులో నిలబెట్టిన చెల్లెలికి కేక వెయ్యడం మొదలుపెట్టాను. పిల్లవాడికి ఏదో సోకిందని, తాయెత్తు కట్టించమని పక్కింటి ఖాలా మా అమ్మకు చెప్పిందట. అమ్మ కట్టించింది కూడా.

ఎమ్మిగనూరులో ఆట సగం అయ్యాక మావాడొకడికి కాలు బెణికితే నన్ను దింపారు. మా మామ మగ్గం వదిలి వచ్చి, తోటి నేతగాళ్ళతో గీత పక్కనే కూర్చున్నాడు. రెండు జట్లకూ చెరొక గోలు. ఆట ముగియబోతుండగా వాళ్ళవాడొకడు బంతితో మా గోలు కుడిపక్కకు దూసుకుపోయాడు. మావాళ్ళంతా, కౌతాళం అబ్బాయితో సహా, వాడిమీదికే పోయారు. గోల్‌కీపరు చూపూ అటే ఉంది. వెనక నుంచి పరిగెత్తుకొస్తున్న నాకు, ఎడమపక్క ఒంటరిగా కాచుకుని ఉన్న వాళ్ళవాడు ఇంకొకడు కనిపించాడు. ఎంత ఉరికినా వాణ్ణి అందుకోలేనని తెలుస్తూనే ఉంది. కానీ మామ చూస్తున్నాడు. ఆయన కళ్ళెదుట పరుగు ఆపడం నాకు చచ్చేంత సిగ్గుగా అనిపించింది. అయినా ఆపేశాను. రొమ్ము నిండా గాలి పీల్చుకుని, "ఎడమకు సూడప్పా" అని కేక వేశాను.

గోల్‌కీపరు తిరిగాడు. బంతి అటే వచ్చింది. రొమ్ముకు తగిలి కిందపడిన బంతిమీద పడి పట్టుకున్నాడు. లేచి, మట్టి కొట్టుకుపోయిన చేతిని నా వైపు ఎత్తాడు. ఇంకో గోలు లేకుండానే ఆట ముగిసింది.

ఆ చేయి సంగతి మామకేం తెలుసు? ఇంట్లో అన్నాల దగ్గర, "బాగానే ఉరికితివి గానీ, ఆఖర్లో నిలబడిపోతివేమిరా అల్లుడా, సుస్తయిపోయినావా?" అన్నాడు. అత్త జాలిపడి ఇంకొంచెం సంగటి పెట్టింది. నేను వివరం చెప్పలేదు. నా గొప్ప నేను చెప్పుకోకుండా ఊరుకోవడం అదే మొదలు. తిరుగు బస్సులో సారు నన్ను దగ్గరికి పిలిచాడు. తన కిటికీ సీటు నాకిచ్చి, ఇవతలికి జరిగి కూర్చున్నాడు.

ఆ తర్వాత నేను ఆటలు మానేశాను, ఒళ్ళు చేశాను. కానీ ఎంత తొందరలో ఎక్కడికి పోయినా, గుమ్మం దగ్గర ఆగి ఊపిరి సరిచేసుకునే అలవాటు మాత్రం పోలేదు. మా ఆవిడ దాన్ని ఆయాసం అనుకుంటుంది.

అమ్మను కర్నూలు ఆసుపత్రిలో చేర్చారని కబురు వచ్చిన రోజు మెట్లన్నీ పరుగున ఎక్కాను. ఆమె మంచం వార్డు ఆ చివర ఉంది. ముందురోజు నుంచి ఆమెకు మాట లేదని, ఎవరు పిలిచినా పలకడం లేదని చెప్పారు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. లోపలికి రాకుండా నిలబడ్డానేమిటని చుట్టాలు విసుక్కున్నారు. ఊపిరి నిలకడగా వచ్చేదాకా ఉండి, "అమ్మా, నేను వచ్చినాను" అన్నాను. గొంతు వణకలేదు. ఆ చివర దుప్పటి కదిలి, అమ్మ చేయి పైకి లేచింది.

ఆ తర్వాతే ఏడ్చాను.